మా వీధికి పచ్చరంగు

సముద్రాన్ని ఆపడానికి గోడలు కట్టాలని, గట్లు పోయాలని కొందరు అమాయకులు వాదిస్తుంటారు. అంత శ్రమ దేనికండీ? ఒక మీటింగు పెడితే చాలు. మేం అలాగే ఆపాం.

ఎలాగో చెబుతాను, మీ వీధికీ పనికొస్తుంది.

మా వీధి చివర నిలబడితే అలల చప్పుడు వినిపిస్తుంది. ఒకరోజు సర్వే ఆఫీసు నుంచి ఒకమ్మాయి వచ్చి, మూడు కాళ్ల స్టాండు మీద పరికరం బిగించి, ఒక్కో ఇంటి గడప సముద్రానికి ఎంత ఎత్తులో ఉందో కొలిచింది. ఎండకు మొహం కందిపోయినా ఒక్క గడపనీ వదల్లేదు. కింది గదిలో ఉండే మా అత్తగారు మంచినీళ్లిచ్చి, "ఏం తేలిందమ్మా?" అని అడిగారు.

"సముద్రం ఏటేటా కొంచెం కొంచెం పైకొస్తోందండీ. పోటూ తుఫానూ ఒకేసారి వస్తే ఈ గదిలోకి నీళ్లొస్తాయి. మీరు మేడ మీదికి మారిపోండి."

"మోకాళ్లు ఒప్పుకోవు తల్లీ," అన్నారు అత్తగారు.

నెల తిరక్కుండా మ్యాపు వచ్చింది. ముంపు ప్రమాదం ఉన్న వీధులకు ఎరుపు, లేనివాటికి పచ్చ. మాది చూడముచ్చటైన ఎరుపు. వీధంతా గగ్గోలెత్తిపోయింది. నీళ్లొస్తాయని కాదు, ఎరుపు వచ్చిందని.

"ఆ రంగు చూస్తే ఇల్లెవడు కొంటాడు బావా?" అని మా బావమరిది నెత్తి కొట్టుకున్నాడు. అతను ఇళ్ల బ్రోకరు, అత్తగారికి ఒక్కగానొక్క కొడుకు. అతని బాధ మీరు అర్థం చేసుకోవాలి. సముద్రం ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు. బేరం మాత్రం ఆదివారమే వస్తోంది.

వీధి సంఘం అధ్యక్షుడైన పళ్ల డాక్టరు మీటింగు పెట్టి, సర్వే ఆఫీసు పెద్దాఫీసరును పిలిపించాడు. సర్వే అమ్మాయి లేచి, "అది నేను ఇష్టమొచ్చినట్టు వేసిన రంగు కాదండీ, గడప ఎత్తును బట్టి వచ్చింది," అంది. ఆఫీసరు ఆమెను కూర్చోమన్నాడు. ప్రజల మనోభావాలను మించిన శాస్త్రం లేదన్నాడు. టీలు తాగడం అయ్యేసరికి మేం పచ్చ. ఒక్క ఇటుక పెట్టకుండా, తట్టెడు మట్టి పోయకుండా, ఇంత సులువుగా వీధిని కాపాడిన ఇంజినీరు ఎక్కడైనా ఉన్నాడా?

వెనక వీధి వాళ్లకు సంఘం లేదు. పాపం, ఎర్రగానే ఉండిపోయారు.

వానాకాలంలో తుఫాను పట్టింది. పొద్దున్నే వెనక వీధిలో సైరను మోగింది, బస్సులొచ్చాయి. వాళ్లు మూటాముల్లె సర్దుకుని, పిల్లల్ని చంకనేసుకుని వెళ్లిపోతుంటే మేం బాల్కనీల్లోంచి జాలిగా చూశాం. పచ్చగా ఉండడంలోని హుందాతనం అదీ.

మధ్యాహ్నానికి మా బాత్రూము తూములోంచి నీళ్లు పైకి తన్నాయి. ఉప్పునీళ్లు. కాసేపటికి గడప దాటి కూడా వచ్చాయి. అత్తగారు మంచం మీద బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు. నేనూ మా ఆవిడా ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి మేడ మీదికి మోయబోయాం. మెట్ల మొదటి మలుపులోనే కుర్చీ ఇరుక్కుపోయింది. గోడకూ కుర్చీకీ మధ్య అత్తగారు. పైకి రాదు, కిందికి పోదు. నీళ్లు మాత్రం నిదానంగా మెట్లెక్కుతున్నాయి.

మా ఆవిడ పైనుంచి తల్లిని పట్టుకుంటే, నేను కంట్రోల్ రూముకి ఫోను చేశాను.

"మీది పచ్చ వీధి సార్. అక్కడికి నీళ్లు రావు," అంది అవతలి గొంతు, ఎంతో మర్యాదగా.

"వచ్చాయండీ. మోకాళ్ల దాకా ఉన్నాయి."

"మ్యాపులో లేవు సార్."

చూశారా, మా మీటింగు ఎంత పక్కాగా పనిచేసిందో!

చివరికి ఒక పడవ వచ్చింది. ఎవరూ పంపింది కాదు. వెనక వీధి నుంచి తిరిగి వెళ్తున్న పడవను సర్వే అమ్మాయి బతిమాలి ఇటు తిప్పించింది. మా గడప ఎంత పల్లంలో ఉందో ఆమెకు గుర్తుంది. పడవవాళ్లు కుర్చీ విరగ్గొట్టి అత్తగారిని బయటికి తీశారు. అప్పటికి నీళ్లు ఆమె ఒళ్లోకి వచ్చేశాయి. చలికి పళ్లు టకటకలాడుతున్నా, కూతురి మెడ చుట్టూ వేసిన చేయి వదల్లేదు.

మమ్మల్ని చేర్చిన తుఫాను శిబిరానికి బావమరిది పరుగున వచ్చాడు. అత్తగారు అతన్ని చూసి, "నా గదికి ఏ రంగు వేయించావురా?" అని అడిగారు.

నీళ్లు తీశాక మళ్లీ మీటింగు. సంఘం ఏకగ్రీవంగా ఒక కోరిక కోరింది. రంగు పచ్చగానే ఉండాలి, సైరనూ బస్సులూ మాత్రం రావాలి.

"రెండూ కుదరవండీ. బస్సులు ఎర్ర వీధులకే," అంది సర్వే అమ్మాయి.

అత్తగారు మా ఆవిడ భుజం ఆనుకుని లేచారు. "పోనీ, నా ఒక్క గదికి ఎరుపు వేయమ్మా."

"ఒక్క గది మ్యాపులో కనపడదండీ. వేస్తే వీధి మొత్తం వేయాలి."

"సరే, ఎరుపు కావాలనేవాళ్లు చేతులెత్తండి," అన్నాడు పళ్ల డాక్టరు.

అత్తగారి చేయి లేచింది. మా ఆవిడ చేయి లేచింది. బావమరిది నేల చూపులు చూస్తున్నాడు. ఒట్టు, నా చేయి కూడా భుజం దాకా లేచింది. అంతలో ఇల్లు నా పేరున ఉన్న సంగతి గుర్తొచ్చి, ఆ చేత్తో తల గోక్కున్నాను.

మా వీధి ఇప్పటికీ పచ్చగానే ఉంది. అత్తగారు కింది గదిలోనే ఉన్నారు.