పదకొండు వేల అడుగుల మీద అత్తగారు

షామ్‌బర్గ్ నుంచి శ్యామ్‌సుందర్ తన భార్య శశికళనూ, అత్తగారు వసంతలక్ష్మినీ కొలరాడో తీసుకొచ్చాడు. అక్కడ పదకొండు వేల అడుగుల ఎత్తున కొండల్లో ఒక వేడినీటి గుండం ఉంది. ఆవిడ మోకాళ్లకు మంచిదని అతని ఆశ. ఎత్తు అలవాటు కావడానికి రెండు రోజులు కింది ఊళ్లోనే ఆగారు. మూడో రోజు ఉదయం ఆరింటికి బయల్దేరుతూ అతను జాగ్రత్తలు చెప్పాడు.

"మెల్లగా నడవాలి అత్తయ్యా. నీళ్లు తాగుతుండాలి. గుండంలో పావుగంటే. తల ముంచకూడదు. మధ్యాహ్నం ఉరుములొచ్చేలోపు దిగిపోవాలి."

"సరే బాబూ," అందావిడ.

సగం దారిలో అతను ఆక్సిజన్ చూసే చిన్న మీటరు ఆవిడ వేలికి తగిలించాడు. డెబ్బై నాలుగు చూపించింది.

"శశీ! అత్తయ్యకి ఆక్సిజన్ పడిపోయింది!"

"అమ్మ బానే ఉందిగా శ్యామ్. ఇందాకట్నుంచీ ఆపకుండా మాట్లాడుతూనే ఉంది."

"అది కూడా ఒక సింప్టమ్!"

దిగి వస్తున్న ఒక జంటను ఆపి, మా అత్తగారికి ఊపిరాడట్లేదు, కింద అడవి కాపలా చూసే రేంజర్‌కి చెప్పండని బతిమాలాడు. వాళ్లు పరుగెత్తారు. కింద రేంజరును చేరేసరికి ఆ కబురు, ఊపిరి ఆగిపోయిందన్న దాకా వెళ్లింది. గుండం దగ్గర ఒక నర్సు ఉందని కూడా ఆ జంటే వెళ్తూ వెళ్తూ చెప్పడంతో, ఆడవాళ్లిద్దర్నీ బండ మీద కూర్చోబెట్టి శ్యామ్‌సుందర్ పైకి పరుగెత్తాడు.

నర్సును వెంటబెట్టుకుని అడ్డదారిన దిగి వస్తే బండ ఖాళీగా ఉంది. కూర్చుని విసుగెత్తిన వసంతలక్ష్మి కూతురితో కలిసి చుట్టుదారిన పైకి వెళ్లిపోయింది. ఆ సంగతి తెలియని అల్లుడు లోయలోకి తొంగి చూసి, "అత్తయ్యా!" అని నాలుగుసార్లు అరిచి, నర్సుతో పాటు మళ్లీ పైకి పరుగు తీశాడు. పొద్దుట్నుంచీ అందరికీ నీళ్లు గుర్తుచేసిన మనిషి తను మాత్రం ఒక్క గుక్క తాగలేదు.

పైన వసంతలక్ష్మి గుండం గట్టున కూర్చుని, వేడినీళ్లలో కాళ్లు పెట్టుకుని, పక్కనున్న వాళ్లకు జంతికలు పంచుతోంది.

"రా బాబూ, మోకాళ్లకి ఎంత హాయిగా ఉందో!"

నర్సు ఆవిడ చేతులు చూసి నవ్వింది. గోళ్లకు ముదురు రంగు ఉంటే మీటరు తప్పు చూపించవచ్చంది.

"గోరింటాకమ్మా," అని శశికళ తల్లికి విప్పి చెప్పింది.

నర్సు తన సంచిలోని చెవికి పెట్టే మీటరుతో మళ్లీ చూస్తే తొంభై వచ్చింది. ఆ ఎత్తులో అది బంగారం లాంటి అంకె అని నర్సు చెప్పింది.

అంతలో రేంజరూ, స్ట్రెచర్ మోస్తున్న ఇద్దరు సహాయకులూ రొప్పుతూ వచ్చారు. "పేషెంటు ఎక్కడ?"

జవాబు చెప్పబోయిన శ్యామ్‌సుందర్ పొదల పక్కకు పోయి వాంతి చేసుకున్నాడు. తల పగిలిపోతోంది, అడుగు తిన్నగా పడటం లేదు. నర్సు అతని వేలికి మీటరు పెట్టి, స్ట్రెచర్ వైపు చూపించింది. ఇది ఎత్తు పడక వచ్చిన జబ్బు, దీనికి మందు కిందికి దిగడమేనంది.

"నేను నడుస్తాను," అన్నాడతను.

"పడుకో బాబూ, ఇంతమంది కష్టపడి వచ్చారు," అంది అత్తగారు.

కొండ దిగేసరికి తలనొప్పి సగం తగ్గింది, ముఖంలోకి నవ్వు కూడా వచ్చింది. రేంజరు ఒక ఫారం తీసి, పేషెంటును చూసుకోవడానికి పెద్దవాళ్లెవరైనా ఉన్నారా అని అడిగాడు.

వసంతలక్ష్మి పెన్ను అందుకుని తెలుగులో సంతకం చేసింది.