పిందెకు వేలు చూపు విధానం

మానవజాతి సేద్యం మొదలుపెట్టి పదివేల ఏళ్ళు దాటినా, మొన్న ఫిబ్రవరి పద్నాలుగో తేదీ వరకూ ఈ భూమ్మీద ఒక్క ఆనపకాయ కూడా అధికారికంగా కాయలేదు. కాసినవన్నీ ఎవరి అనుమతీ లేకుండా, తమంతట తాము కాసినవే. ఈ అరాచకాన్ని అంతం చేయడానికి మిద్దె కూరగాయల క్రమబద్ధీకరణ సంస్థ పుట్టింది. దానికి ఒక ప్రధాన సంచాలకుడు, తీగలకు ఒక ఉపసంచాలకుడు, మొక్కలకు మరో ఉపసంచాలకుడు ఉన్నారు. (కొత్తిమీర ఎవరి కిందికి వస్తుందో తేలక దస్త్రం ఇంకా ఇద్దరి మధ్యా తిరుగుతోంది. ఈలోగా కొత్తిమీర వాడిపోయింది.) ప్రజల సౌకర్యం కోసం ‘పాదుమిత్ర’ అనే యాప్ కూడా విడుదల చేశారు.

ఈ సంస్థతో తనకు పని పడుతుందని సూర్యకళ ఎన్నడూ అనుకోలేదు. ఆవిడ రాజమండ్రిలో ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. ధవళేశ్వరం వెళ్ళే రోడ్డు పక్కన ఓ అపార్టుమెంటులో మూడో అంతస్తులో కాపురం. ఆరేళ్ళుగా మేడ మీద, రొయ్యలు ప్యాక్ చేసే పాత థర్మోకోల్ పెట్టెల్లో మట్టి నింపి వంగ, బెండ, టమాటా పెంచుతోంది. ఓ మూలన వెదురు పందిరి, దాని మీద ఆనపపాదు. గింజలు నరసాపురం పిన్ని ఇచ్చినవి. రోజంతా అరవై మంది పిల్లలకు భిన్నాలు చెప్పి వచ్చాక, ఆ పందిరి కింద పావుగంట కూర్చుంటే గాని సూర్యకళ మళ్ళీ మామూలు మనిషి కాదు. ఈ సంగతి తెలుసు కనుక ఇంట్లోవాళ్ళెవరూ ఆ పావుగంట అయ్యేదాకా ఆవిణ్ణి పలకరించరు.

చిక్కల్లా అపార్టుమెంటు సంఘం కార్యదర్శి జగన్నాథరావు గారితో వచ్చింది. ఆయన నీటిపారుదల ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళు గుమాస్తాగిరీ చేసి రిటైరయ్యారు. చెడ్డమనిషి కాదు. కాగితం లేని వస్తువు కంటపడితే ఆ పూట ఆయనకు అన్నం సయించదు, అంతే.

“విరిగిన కుర్చీకైనా ఓ కాగితం ఉంటుందమ్మా. మీ తోటకేముంది చెప్పండి?” అన్నారు మెట్ల మీద ఎదురుపడి.

మార్చి మొదటి వారంలో లిఫ్టు పక్కన నోటీసు అంటించారు. ఉగాది నాటి సర్వసభ్య సమావేశంలోగా క్రమబద్ధీకరణ సంస్థ వారి గుర్తింపు పత్రం చూపని తోటలన్నీ అనధికార సామగ్రిగా పరిగణించబడి మేడ మీద నుంచి దించివేయబడును అని. ఆ మేడ మీద ఉన్నది ఒక్కటే తోట. బహువచనం మర్యాద కోసం వేశారు.

సూర్యకళ ఆ నోటీసును ఫొటో తీసుకుంది. ఆ సాయంత్రమే యాప్ తెరిచి నిబంధనలు చదివింది. పన్నెండో నిబంధన ఇలా ఉంది: “ప్రతి తోటయు కనీసం ఒక పిందె ద్వారా తన ఉనికిని నిరూపించుకొనవలెను. పిందె పొడవు ఎనిమిది సెంటీమీటర్లు మించరాదు.” (మించితే అది కాయ. బజార్లో కాయలు కొనితెచ్చి దారంతో వేలాడగట్టిన ఉదంతాలు సంస్థ దృష్టికి వచ్చాయి.) పదమూడోది: “యజమాని పిందె ప్రక్కన నిలబడి, కుడిచేతి చూపుడువేలును నిటారుగా చాచి, పిందెను చూపుచు ఫొటో దిగవలెను.” ఏ తోట ఎవరిదో తేల్చడానికి ఇంతకంటే మార్గం లేదని ముగ్గురు నిపుణులు తొమ్మిది నెలలు ఆలోచించి తేల్చారు. ఆ ముగ్గురిలో గోదావరి జిల్లాల మనిషి ఒక్కరూ లేరని ఎవరైనా ఇట్టే చెప్పేయగలరు.

ఎందుకంటే, పిందెకు వేలు చూపిస్తే పిందె కుళ్ళిపోతుంది. ఇది నమ్మకమా, శాస్త్రమా అని ఇటు పక్క ఎవరూ తర్కించరు. నడక వచ్చిన కొత్తలోనే నేర్పేస్తారు. తప్పక చూపించాల్సి వస్తే వేలు మడిచి, కణుపుతో చూపించాలి. రోజంతా బ్లాక్‌బోర్డు మీద వేలు పెట్టి పాఠం చెప్పే సూర్యకళ కూడా మేడ ఎక్కేసరికి తనకు తెలియకుండానే వేళ్ళు మడిచేసుకుంటుంది.

పిందెలు నాలుగుంటే ఒకటి పోతే పోనీ అనుకునేది. ఈ ఏటి వసంతం అంత వెసులుబాటు ఇవ్వలేదు. పొద్దున్న ఎదుటి డాబా కనిపించనంత మంచు. మధ్యాహ్నం చెప్పుల్లేకుండా అడుగు వేయలేనంత ఎండ. నాలుగయ్యేసరికి మబ్బు పట్టి గాలివాన. టమాటా పూత ఎండకు రాలిపోయింది, బెండమొక్కలు గాలికి పడుకున్నాయి, వంగకు తెగులు తగిలింది. ఒక శనివారం వడగళ్ళు పడి ఆనపాకుల్ని జల్లెడ చేసి పోయాయి. ఆనపపువ్వు విచ్చుకునేది సాయంత్రం. వానకూ సరిగ్గా అప్పుడే తీరిక దొరుకుతుంది. అయినా సూర్యకళ ఓ చేత్తో గొడుగు పట్టుకుని, రెండో చేత్తో మగపువ్వు తుంపి ఆడపువ్వుకు అద్దింది. పదకొండు పువ్వులకు అద్దితే ఒక్కటి నిలిచింది. నూగునూగుగా, లేతాకుపచ్చగా, ముద్దొచ్చేలా ఉంది. ఉగాది ఇంక వారంలోకి వచ్చేసింది.

మొదటిసారి వేలు మడిచి ఫొటో పంపింది. రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది: “వేలు అసంపూర్ణం. మిగిలిన వేలును జతపరచగలరు.”

రెండోసారి స్కూలు స్కేలుతో చూపించింది. “మీ వేలు పొడవు ముప్పై సెంటీమీటర్లుగా గుర్తించడమైనది. ఇది సంస్థ ఆమోదించిన వేలు కాదు.”

మూడోసారి బాగా ఆలోచించి, వేలేమో వెనకనున్న నీళ్ళ ట్యాంకు వైపు చాచి, ఫొటోలో మాత్రం పిందెను చూపిస్తున్నట్టు కనబడేలా నిలబడింది. లెక్కల టీచరు కనుక కోణం చక్కగా కుదిరింది. అంతలోనే చినుకులు మొదలయ్యాయి. జవాబు వచ్చింది: “చిత్రంలో వాన ఉన్నది. ఈ రోజు వాన లేదు. మీ మూడు అవకాశములు పూర్తయినవి.”

సూర్యకళకు ఒళ్ళు మండి, తడుస్తూనే సహాయ కేంద్రానికి ఫోన్ చేసింది.

“ఇక్కడ వాన కురుస్తోందండి!”

“మా దగ్గర కురవట్లేదండి,” అంది అవతలి గొంతు, ఎంతో మర్యాదగా.

“మీరెక్కడున్నారు?”

“ఎక్కడున్నా ఒకటేనండి. క్యాలెండర్‌లో కురవట్లేదండి. మార్చి నుంచి మే దాకా ఎండ పెట్టారండి. వాన జూన్ పన్నెండు నుంచి ఉంది. గాలివాన కావాలంటే అక్టోబరు దాకా ఆగాలండి.”

“మరి నేను తడిసి ముద్దయిపోతున్నానే?”

“ఫిర్యాదు రాసుకోమంటారాండి? తడవడానికి కారణాల్లో ‘కుళాయి లీకు’ ఒకటుందండి, అది పెట్టేయమంటారా?”

అది పెట్టించుకుంది. మర్నాడు కుళాయి బాగుచేశామని సందేశం వచ్చింది.

మూడు అవకాశాలూ అయిపోయిన వారి కోసం సంస్థ క్షేత్ర పరిశీలకుణ్ణి పంపుతుంది. ఉగాదికి రెండు రోజుల ముందు విజయ్ పాల్ అనే ఆయన బండి మీద వచ్చాడు. నలభై దాటిన మనిషి, నెత్తికి పాలిథిన్ కవరు చుట్టుకున్నాడు.

“రెయిన్‌కోటు ఇవ్వరా అండి మీకు?” అంది సూర్యకళ.

“ఇస్తారండి. జూన్ పన్నెండుకండి.”

పందిరి కిందికి వంగి, పిందెను చూసి, అతను వేలు మడిచి చూపిస్తూ, “ఏడు సెంటీమీటర్లండి. ఎంత బాగుందండి!” అన్నాడు.

సూర్యకళ ఆ మడిచిన వేలి వంక చూసింది. “మీరు కూడానా?”

“మేం చర్చికెళ్ళేవాళ్ళమండి. దిష్టీ అదీ ఏం నమ్మమండి. కానీ పిందెకి వేలు మాత్రం చూపించమండి. మా అమ్మ ఊరుకోదండి.”

“మరి ఆ రూలు రాసినవాళ్ళకి మీరైనా చెప్పకూడదా?”

“ఆయ్, చెప్పానండి. రాసివ్వమన్నారు. రాసిచ్చానండి. దాని మీద ఉపసంఘం వేశారండి. అందులో వేళ్ళ నిపుణులు ముగ్గురున్నారండి. పిందెల నిపుణుడి పోస్టు ఖాళీగా ఉందండి.”

“పోనీ, నా బదులు ఇంకెవరైనా చూపిస్తే?”

“అమ్మో, ఎవరి వేలు పడితే తోట వాళ్ళదైపోతుందండి. ఈ ఫోన్ మహా చెడ్డదండి. ముందున్న పిందెనీ, వేలునీ, మొహాన్నీ చూసుకుని దానంతటదే ఫొటో తీసి, మొహాన్ని బట్టి పేరు కూడా అదే రాసేసుకుంటుందండి. నేను నొక్కక్కర్లేదు కూడాను.”

ఇక తప్పదనుకుంది సూర్యకళ. ఒక్క పిందె పోతుంది, తోట నిలుస్తుంది. లెక్క ప్రకారం ఇదే సరైన జవాబు. చెయ్యి ఎత్తింది. వేలు సగం దాకా చాచింది. గొడుగు పట్టుకుని చేతులారా నిలబెట్టుకున్న పిందె, గాలికి కొంచెం ఊగుతూ ఆవిడ మొహంలోకి చూస్తున్నట్టే ఉంది. వేలు మడిచేసింది. ఇలా మూడుసార్లు అయ్యాక ఆవిడ కళ్ళు తుడుచుకోవడం చూసి విజయ్ పాల్ ఫోన్ జేబులో పెట్టేశాడు.

“రేపు మళ్ళీ వస్తానండి. రేపటికి ఏడున్నర ఉంటుందండి. ఎల్లుండికి మాత్రం కాయైపోతుంది, నేనేం చేయలేనండి.”

మర్నాడు, అంటే ఉగాది ముందురోజు, అతను చెప్పిన వేళకే వచ్చాడు. చిత్రంగా వాన లేదు, మంచు లేదు. క్యాలెండర్‌లో ఎలా ఉందో అచ్చం అలాగే ఎండ కాసింది. విజయ్ పాల్ ఫోన్ తెరిచి పిందె కొలత తీసుకుంటున్నాడు. సూర్యకళ పక్కనే చేతులు నలుపుకుంటూ నిలబడింది. అప్పుడే జగన్నాథరావు గారు మెట్లెక్కి రొప్పుతూ పైకొచ్చారు, చేతిలో నోటీసు రెండో ప్రతితో.

“రేపే సమావేశం. పత్రం వచ్చిందామ్మా?”

“ఇదిగోనండి, ఈ పిందెతో…” అంది సూర్యకళ, వేలు మడిచి చూపిస్తూ.

ఆయన సొంతూరు ఆత్రేయపురం దగ్గరే. పిందెకు వేలు చూపకూడదని ఆయనకూ తెలుసు. కానీ ముప్పై ఒక్క ఏళ్ళపాటు వచ్చినవాడికల్లా ‘ఇక్కడ సంతకం, ఇక్కడ ముద్ర’ అని వేలు పెట్టి చూపించిన చెయ్యి అది. ఆయన్ని అడిగి లేవదు.

“ఇదా? ఇదామ్మా మీ తోట?” అన్నారు, పిందెకు జానెడు దూరంలో వేలు నిటారుగా చాచి.

ఫోన్ ‘క్లిక్’మంది. ఆ వెంటనే మాట్లాడింది కూడా: “అభినందనలు. వేలు నూటికి నూరు శాతం. వాతావరణం సరిపోయినది. తోట యజమాని శ్రీ జగన్నాథరావు.”

జగన్నాథరావు గారు తన వేలి వంక చూసుకున్నారు. ఎవరిదో పరాయి వస్తువు తన చేతికి తగిలించినట్టు దాన్ని నెమ్మదిగా మడిచి జేబులో పెట్టుకున్నారు. సూర్యకళకు పత్రం గురించి గాని, పేరు గురించి గాని తోచలేదు. “అయ్యో, పిందె!” అంది ఒక్కటే మాట.

ఉగాది సమావేశంలో తోటను దించే అంశం వచ్చినప్పుడు, చట్టప్రకారం గుర్తింపు పొందిన తోటను ముట్టుకోవడానికి సంఘానికి హక్కు లేదని కార్యదర్శి గారు గట్టిగా వాదించి, కార్యదర్శి గారి నోటీసును కొట్టివేయించారు. మర్నాడు మేడ మీద ‘గుర్తింపు పొందిన తోట, యజమాని అనుమతి లేనిదే నీళ్ళు పోయరాదు’ అని బోర్డు పెట్టి, సూర్యకళకు అనుమతి పత్రం రాసిచ్చారు. ఇంకెవరూ లేకుండా చూసి, “అమ్మా, అసలు దీనికి రోజుకెన్ని నీళ్ళు పొయ్యాలి?” అని అడిగారు.

ఆయన మరీ అన్యాయమైన మనిషి కాదు కనుక పేరు మార్పిడికి కూడా ప్రయత్నించారు. దానికి పాత యజమానీ, కొత్త యజమానీ ఇద్దరూ కలిసి ఒకే పిందెకు వేలు చూపించాలని తెలిసింది.

“వద్దు లెండి, మీ పేరు మీదే ఉండనివ్వండి,” అంది సూర్యకళ. పందిరి ఉంది, దాని కింద తన కుర్చీ ఉంది. పావుగంట కూర్చోవడానికి యజమాని కానక్కర్లేదు. (ఆ పావుగంటకు అనుమతి పత్రం అక్కర్లేదని జగన్నాథరావు గారు ఒక సవరణ కూడా రాశారు.)

నాలుగో రోజుకు పిందె మొన పసుపుపచ్చగా మారింది. ఆరో రోజుకు మెత్తబడి, తొడిమ దగ్గర తెగి, జగన్నాథరావు గారి కాళ్ళ దగ్గరే పడింది. ఈ ఆరు రోజులూ ఆయన రోజుకు మూడుసార్లు చేతులు వెనక్కి కట్టుకుని వచ్చి దాన్ని చూసి వెళ్ళేవారు. మనిషి నిజంగానే డీలాపడిపోయారు.

“నా వల్లేనామ్మా?”

“అబ్బే, ఎందుకండీ! మొన్న వాన పడింది కదా, దానికే,” అంది సూర్యకళ. అంత పెద్దాయన కళ్ళల్లో నీళ్ళు చూశాక ఇంకేం అంటుంది?

పిందె రాలిన ఇరవైనాలుగు గంటల్లోగా కారణం నమోదు చేయకపోతే గుర్తింపు రద్దవుతుంది. జగన్నాథరావు గారు అక్కడే కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని యాప్ తెరిచారు. ‘పిందె నష్ట కారణం’ దగ్గర వాన కోసం వెతికారు. వాన లేదు. గాలి లేదు, వడగళ్ళు లేవు, మంచు లేదు. జాబితాలో ఉన్నవి నాలుగే: పురుగు, కోతి, ఎండ, యజమాని వేలు చూపుట. నాలుగోదాని పక్కన, వినియోగదారుల సౌకర్యార్థం, చిన్న అక్షరాలతో రాసి ఉంది: “రాష్ట్రంలో అత్యధికులు దీనినే ఎంచుకొనుచున్నారు.”