కింది వరుస, వెనుక దిక్కు

చేవెళ్ల బస్టాండు పక్కన పండ్ల దుకాణం నడిపే వీరేశం ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదిన్నరకు మొయినాబాద్ వెళ్లాలి, పంటి డాక్టరుకు నోరు చూపించాలి, పదిన్నరకల్లా తిరిగొచ్చి, పక్కనే ఉన్న ప్రొద్దుటూరు ఊరి బిక్షం కూతురి నిశ్చితార్థానికి దానిమ్మ డబ్బాలు అప్పగించాలి. ఎక్కడికి వెళ్తున్నదీ ఇంట్లో చెప్పలేదు. "నా పండ్లకు వంక పెట్టేటోడు ఇంకా పుట్టలే" అని ముప్పై ఏళ్లుగా అటు గిరాకీల ముందూ ఇటు భార్య అరుణాదేవి ముందూ పళ్లికిలించిన మనిషి, చల్లనీళ్లు తాగితే దవడ జివ్వుమంటోందని ఏ నోటితో చెప్తాడు? "మొయినాబాద్‌ల పండ్లు చూసొస్త" అని బస్సెక్కాడు. నిజానికి చూపించుకోవడానికి వెళ్తున్నాడు. క్రియ ఒక్కటే తేడా.

డాక్టర్ సింధుజ చిన్న అద్దంతో నోరంతా గాలించింది. "బయటికి అన్నీ మంచిగనే కనిపిస్తున్నయ్ అంకుల్."

"నాకు తెల్వదా డాక్టరమ్మా?" కుర్చీలో పడుకునే ఛాతీ విరిచాడు వీరేశం. "దానిమ్మ గింజలు అవి!"

"కనిపిస్తున్నయ్ అన్న. ఉన్నయ్ అనలే."

ఎక్స్‌రే తీసి తెరమీద చూపించింది. కింది దవడలో వెనుకగా, రెండు పళ్లు ఒకదానికొకటి ఆనుకున్న చోట, నల్లటి నీడ. "సందులకెల్లి లోపలికి పోయింది పుచ్చు. పైన పెంకు గట్టిగున్నది కాబట్టి ఎవ్వరికీ తెల్వది, మీక్కూడా. ఇయ్యాలనే తీసేద్దాం. ఉంచితే ఇంకా లోపలికి పోతది."

ఒప్పుకున్నట్టు ఓ కాగితం మీద సంతకం తీసుకుని, మత్తు ఇంజెక్షన్ ఇచ్చింది. పది నిమిషాల్లో నాలుక, పెదవి, సగం దవడ వీరేశం చెప్పుచేతల్లోంచి జారిపోయాయి. అప్పుడు గుర్తొచ్చింది దుకాణం. ఆలస్యమవుతుందని చెప్పమని సైగ చేసి, నంబరు రాసిచ్చాడు. క్లినిక్‌లో పనిచేసే మమత మంచి పిల్ల. ఒకటి చెప్పమంటే నాలుగు చెప్పేంత మంచి పిల్ల.

అవతల ఫోను ఎత్తినవాడు గుమస్తా ప్రభాకర్ అయి ఉండాలి. వీరేశానికి ఇవతలి మాటలే వినిపిస్తున్నాయి.

"హలో, మొయినాబాద్ నుంచి మాట్లాడుతున్న. వీరేశం సార్‌కు జర లేటైతది. మేడం ఆయన పండ్లు చెక్ చేస్తున్నరు... ఆ అన్నా, చెకింగే... బయటికి మంచిగనే ఉన్నయ్, లోపల ఖరాబైనయ్. ఎక్స్‌రేల దొరికింది."

నోట్లో ఉన్నవీ పండ్లే, గంపలో ఉన్నవీ పండ్లే అయిన నేల ఇది. ఆ మాట ప్రభాకర్ చెవిలో ఏ పండ్లుగా పడుతోందో వీరేశానికి అనుమానం వచ్చేలోగానే మమత అంది:

"ఎక్కడనా? కింది వరుసల, వెనుక దిక్కు."

వీరేశం తల తిప్పి మమత వైపు చూశాడు. దుకాణంలో దానిమ్మ డబ్బాలు ఆయనే సర్దుతాడు, ఇంకొకరిని ముట్టనివ్వడు. వాటి కింది వరుసలో, వెనుక దిక్కున ఏమున్నాయో తెలిసినవాడు లోకంలో ఆయనొక్కడే.

"ఆ... ఊ... నోథి ఫండ్లు..." అంటూ లేవబోయాడు.

"మాట్లాడొద్దు అంకుల్, నాలుక కొరుక్కుంటరు." డాక్టర్ భుజం నొక్కి నోట్లో దూది పెట్టింది. ఊళ్లో పెద్ద నోరున్న మనిషి అలా నోరు లేనివాడైపోయాడు.

"సార్ మాట్లాడేటట్టు లేరన్నా. ఫికర్ చెయ్యకుర్రి," మమత కొనసాగించింది. "పోలీసులా? పోలీసులెందుకొస్తరన్నా!... ఆ, ఖరాబైందంత తీసి పారేసుడే. మేడం జరంత గూడ ఉంచరు... సరే, అమ్మకియ్యుర్రి. నమస్తే అమ్మా. సార్ అన్నిటికీ ఒప్పుకున్నరమ్మా. సంతకం గూడ పెట్టిన్రు."

ఫోను అరుణ చేతికెళ్లిందన్నమాట. వీరేశం కళ్లు మూసుకున్నాడు.

"ఎర్రరంగు వేస్తున్న అంకుల్. పుచ్చిన చోటనే పట్టుకుంటది," అంది డాక్టర్. "ఎర్రగున్నంత మట్టుకే తీస్త. మంచిదాన్ని ముట్ట."

యంత్రం గుయ్యిమంది. నొప్పి లేదు. ఇన్నేళ్లూ నొప్పి లేకపోవడమే తన రోగమేమో అనిపించింది వీరేశానికి. మొదటిసారి ఒకే ఒక్క దానిమ్మ. తొడిమ దగ్గర మచ్చ పడింది, పారేయబుద్ధి కాలేదు, అడుగున పెట్టాడు. కొన్నవాడు ఏమీ అనలేదు. మర్నాడు రెండు. పై వరుస నిగనిగలాడినంత కాలం, అడుగున ఏముందో పెట్టిన చేతికే గుర్తుండేది కాదు. ఇవాళ అవి బిక్షం బిడ్డ నిశ్చితార్థం పళ్లేల్లో కూర్చోవాలి. ఈపాటికి అరుణ డబ్బా బోర్లించే ఉంటుంది. వంక పెట్టేవాడు పుట్టలేదన్న మాట ముప్పై ఏళ్లూ నమ్మింది ఆమె ఒక్కతే. దంతానికని వచ్చి వేదాంతంలో పడ్డాడు వీరేశం.

"ఇంకా కొంచెం ఎర్రగున్నది," అంది డాక్టర్.

ఆయన నోరు ఇంకాస్త పెద్దగా తెరిచాడు.

చేవెళ్లలో బస్సు దిగేసరికి దుకాణం ముందు జనం. మురుగు మోరీ పక్కన కోసి పారేసిన దానిమ్మలు, లోపలి గింజలు నల్లగా. ఆ కుప్ప ముందు బిక్షం. వీరేశం దారంతా కూడగట్టుకున్న మాట బయటికి తీశాడు. "బిచ్చం... థప్పు నాథే..."

బిక్షం ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఏం మనిషివి సేటూ! నా బిడ్డ ఫంక్షనని మొయినాబాద్ పోయి పండ్లకు ఎక్స్‌రే తీపిచ్చినవంట! అడుగున ఖరాబున్నయని నువ్వే ఫోన్ చేపిచ్చి పారేపిచ్చినవంట! ఎవడు చేస్తడే గిట్ల?"

"సంతకం పెట్టిండన్నా మా సేటు, సంతకం!" అన్నాడు ప్రభాకర్, జనమంతా వినేట్టు.

"నేను... ఖాదు..."

"సూడుర్రి, పొగిడితే మాట గూడ వస్తలేదు!" అన్నాడు బిక్షం.

వీరేశం భార్య వైపు చూశాడు. అరుణాదేవి చేతిలో కత్తి, కొంగుకు ఎర్రటి మరకలు. ఆమె ఆయన వంకరపోయిన పెదవిని చూసింది, బుగ్గలోని దూదిని చూసింది, మోరీ పక్కనున్న కుప్పను చూసింది. చెవి దగ్గరికొచ్చింది.

"ఏ పండ్లు చూపిచ్చుకున్నరో సమజైంది. ఏ పండ్లు దాచిపెట్టిన్రో గూడ సమజైంది. బజార్ల నేనేమన. రేపటి సంది డబ్బాలు నేనే సర్దుత."

"అన్నీ థీసినవా?"

"మంచియి ముట్టలే."

ఇప్పుడు అరుణాదేవి మచ్చపడ్డ పండ్లన్నీ పై వరుసలో, అందరికీ కనిపించేట్టు పెడుతోంది. ఎక్స్‌రే తీసిన మంచి పండ్లు అడుగునే ఉంటాయని గిరాకీలు డబ్బాలు బోర్లిస్తున్నారు.