నొక్కున్న కలశం

ఆ ఉదయం పెనుకొండ రామాంజనేయులు పెట్టుకున్న పని చిన్నదే. భార్య రామలక్ష్మమ్మతో రైలెక్కి ధర్మవరం పోవాలి, కూతురు వైష్ణవి ముహూర్తపు పట్టుచీర తెచ్చుకోవాలి. కాబోయే వియ్యంకుడు వెంకటేశులు, ఆయన భార్య హేమావతి హిందూపురం నుంచి అదే రైల్లో వచ్చారు. సంబంధానికి వెంకటేశులు పెట్టిన షరతు ఒక్కటే. పెళ్లికూతురిది మందు వాసన తగలని ఇల్లై ఉండాలి. రామాంజనేయులు గుండెమీద చెయ్యి వేసుకుని ఒప్పుకున్నాడు. ఊళ్లో మద్యనిషేధ సంఘానికి అధ్యక్షుడు మరి.

అధ్యక్షుడికి ఓ చిన్న బలహీనత ఉంది. బెంగళూరులో ఉండే మేనల్లుడు ఉమేష్ ఏడాదికొకసారి తెచ్చిచ్చే స్కాచ్ సీసా తోటలో మోటారు షెడ్డులో, ఎరువు సంచుల వెనక ఉంటుంది. సాయంత్రం రెండు మూతలు. మూడో మూత ఆయన ఎరుగడు. గ్లెన్ టోర్విక్ అనే ఆ పేరు స్కాట్లండులోనే చాలామందికి తెలియదట. మొదట తేనె, తర్వాత సన్నటి పొగ, చివర్లో కాల్చిన చెనక్కాయ రుచి. తాగేది రెండు మూతలే గానీ సీసా అట్టపెట్టె మీద అచ్చేసిన కంపెనీ చరిత్ర మాత్రం రోజూ మొత్తం చదివేవాడు. సీసా అయిపోయాక, పెట్టెను పెనుకొండలో పారేస్తే ఎవరి కంటైనా పడుతుందని పనిగట్టుకుని ధర్మవరం తీసుకుపోయి పాత సామాన్ల అంగట్లో పడేసి వచ్చాడు. తన జాగ్రత్తను తానే మెచ్చుకున్నాడు కూడా.

ధర్మవరంలో నేతగాడు జయచంద్ర చీర మడత విప్పాడు. జరీ అంచు పొడవునా కలశాలు. పొట్ట లావు, మెడ పొడుగ్గా సాగి పక్కకు వంగింది. ప్రతి పొట్టకూ ఒక పక్క నొక్కు. రామాంజనేయులు చూడగానే పోల్చుకున్నాడు, రోజూ పెట్టె మీద చూసిన బొమ్మే. అవి కలశాలు కావు, గ్లెన్ టోర్విక్‌లో విస్కీ కాచే రాగి బానలు.

"కొత్త రకం కలశమన్నా. పాత సామాన్ల అంగట్లో ఒక అట్టపెట్టె మీద కనపడింది. ఉన్నదున్నట్టు దించినా," అన్నాడు జయచంద్ర.

హేమావతి చీరను కళ్లకద్దుకుంది. అంచు వెనకవైపు ఎంత నున్నగా ఉందో చూద్దామని ఆడవాళ్లిద్దరూ తిరగేసి పరిచారు. పెళ్లికొచ్చే జనంలో ఆ బానను గుర్తుపట్టేవాడు ఒక్కడుంటే చాలు, వైష్ణవి సంబంధం గాల్లో కలుస్తుంది. రామాంజనేయులు రంగు ముదురన్నాడు. ఆ రంగు ఏరింది వైష్ణవేనని భార్య గుర్తుచేసింది. బరువెక్కువన్నాడు. పట్టు బరువు కాక మరేముంటుందని హేమావతి నవ్వింది. ఇక దారిలేక కలశానికి నొక్కుంది, అశుభం అనేశాడు.

ఆడవాళ్ల ముఖాలు మాడిపోయాయి. అంచంతా నొక్కులే. రామలక్ష్మమ్మ చీర వద్దంది. రెండు నెలల కష్టం, జయచంద్రకు కళ్లనీళ్లు తిరిగాయి. ఇంకోటి నేస్తానని, నొక్కు తీసేసి పొట్ట గుండ్రంగా దిద్దుతానని డిజైను కాగితం ముందేసుకున్నాడు. నొక్కు లేకపోతే అది ఏ బానో చెప్పగల మొనగాడు లేడు. రామాంజనేయులు నోరు మూసుకుంటే గండం గడిచేది.

కానీ జయచంద్ర రబ్బరు నొక్కు మీదికి పోయేసరికి ఆయనకు ప్రాణం ఒప్పలేదు.

"దాన్ని తీయొద్దప్పా," అన్నాడు. "రెండు నూర్ల ఏండ్ల కిందట బండి బోల్తాపడి వచ్చిన నొక్కది. బాన అరిగిపోయి కొత్తది చేసినప్పుడల్లా, సుత్తితో ఆడనే అదే నొక్కు వేస్తారు. యుద్ధమప్పుడు కార్ఖానా మూతబడి, నలుగురు మనుషులతో మళ్లా తెరిచినప్పుడు గూడా మార్చలేదు. అది పోతే రుచే పోతాది."

జయచంద్ర రబ్బరు పక్కన పెట్టాడు.

"ఏం రుచి?" అంది రామలక్ష్మమ్మ.

రామాంజనేయులుకు కూతురి ముఖం కళ్లముందు మెదిలింది. వియ్యంకుడి వైపు చూడ్డానికి భయమేసింది. వెంకటేశులు మాత్రం చీర అంచునే పరీక్షగా చూస్తున్నాడు.

"అంతా సరిగానే ఉండాది గానీ బావా," అన్నాడు మెల్లగా, "ఆ నొక్కు ఎడమపక్క కదా ఉండాల్సింది?"

వెనకవైపు పైకి పరిచి ఉన్న చీరను జయచంద్ర మంచివైపుకు తిరగేశాడు. నొక్కు ఎడమపక్కకు వచ్చింది. హేమావతి మొగుడి వైపు తిరిగింది.

పెళ్లి అనుకున్న ముహూర్తానికే, అదే చీరతో జరిగింది. విందులో వియ్యంకులిద్దరికీ మజ్జిగ గ్లాసులు అందించింది వాళ్ల భార్యలే, అదీ ముందు తాము వాసన చూశాకే.