బెల్టుకు పెట్టిన ఆముదం

ఆ శనివారం అంతయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున ఆరుకు కారు బెల్టులు మార్చాలి, ఎనిమిదికి భార్య భాగ్యమ్మను ఎక్కించుకోవాలి, తొమ్మిదికల్లా కర్మన్‌ఘాట్ హనుమంతుడి ముందు కొబ్బరికాయ కొట్టాలి. మధ్యలో కారు ఆగకూడదు. ఒక్కసారి ఆగినా దాన్ని పాతసామాన్లవాడికి ఇచ్చేస్తానని భాగ్యమ్మ ముందురోజే తేల్చి చెప్పింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పెట్టుకున్న పోచంపల్లి నేతగాడికి ఇటలీ స్పోర్ట్స్ కారు ఎందుకయ్యా అంటే ఏం చెబుతాం! ఎవరో నవాబుగారి దేవిడీ బంగళా ఖాళీ చేస్తుంటే కంటపడింది. ఎర్రగా, రెండే సీట్లతో, ఇరవై ఏళ్లు నిండినా పెళ్లికొడుకులా నిగనిగలాడుతోంది. అంతయ్య మనసు పారేసుకుని కొనేశాడు. అప్పట్నుంచి అది ఆగని రోడ్డు లేదు, భాగ్యమ్మ దిగి తొయ్యని చౌరస్తా లేదు.

ఇంజనుకు ఫ్యాను తిప్పే బెల్టు ఒకటి, డైనమో తిప్పేది ఒకటి. రెండూ బీటలు వారాయి. పుత్లీబౌలీ స్పేర్‌పార్టుల బజారు నుంచి తెచ్చిన కొత్తవి ఎక్కించి, బొటనవేలితో నొక్కి చూసి, బోల్టులు బిగించి స్టార్ట్ చేశాడు. కీచుమని ఒకటే అరుపు. వీధికుక్కలన్నీ లేచి అందుకున్నాయి.

ఇంకొకడైతే బెల్టును మరికాస్త బిగించేవాడు. అంతయ్య మగ్గం గుంట పక్కన పెరిగినవాడు. మగ్గంలో ఏది కిర్రుమన్నా చుక్క నూనె వెయ్యడమే వాళ్లింటి వైద్యం. లోపలికెళ్లి ఆముదం సీసా తెచ్చి, పసిపిల్ల మాడుకు పట్టించినట్టు రెండు బెల్టులకూ దట్టంగా పట్టించాడు. అరుపు ఠక్కున ఆగింది.

"సూసినవా! సప్పుడే లేదు!"

"సూస్తా, గుడి దాంక సూస్తా," అంటూ భాగ్యమ్మ కొబ్బరికాయ సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

కొత్తపేట దాటేసరికి వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది. బానెట్ సందుల్లోంచి సన్నగా ఆవిరి లేచింది. అంతయ్య మనసులో లెక్క వేశాడు. అదే ఆగితే కారు పోతుంది, మరి తానే ఆపితే? ఎడమపక్కన కొత్తగా పాతిన తెల్లటి హద్దురాళ్లు కనిపించాయి. గబుక్కున బ్రేకు తొక్కాడు.

"ఆగిందా?"

"ఆగలే, ఆపిన. ప్లాటు సూద్దమని."

"మనకు ప్లాటా!" భాగ్యమ్మ ముఖం వెలిగిపోయింది. తొమ్మిదేళ్లుగా కిరాయి ఇంట్లో, ఇంటి ఓనరమ్మ నీళ్ల పంపు వదిలినప్పుడే బిందె పట్టుకున్న మనిషి మరి!

గొడుగు పట్టుకుని ఏజెంటు భానుమూర్తి పరుగెత్తుకొచ్చాడు. గుంటూరు నుంచి వచ్చి ప్లాట్లు అమ్ముకుంటున్న ఆయనకు ఆ కారును చూశాక కాళ్లూ చేతులూ ఆడలేదు. "రండి సార్, రండి! ఈశాన్యం బిట్టు మీలాంటి వాళ్లకోసమే అట్టేపెట్టానండీ!"

ఇంజను చల్లారేదాకా అంతయ్య ఈశాన్యం, ఆగ్నేయం, గాలి, వెలుతురు అన్నీ అడిగాడు. తర్వాత ఇంకోటి చూస్తామని కదిలాడు. భానుమూర్తి వదలలేదు, స్కూటరేసుకుని వెనకే వచ్చాడు.

ఎల్.బి.నగర్ చౌరస్తా దాటగానే మళ్లీ ఆవిరి. ఆ రోజుల్లో అటువైపు ఎక్కడ ఆపినా ప్లాట్లే, అదొక్కటే అంతయ్య అదృష్టం. భాగ్యమ్మ అడుగులతో స్థలం కొలుస్తుంటే, దొంగతనంగా బానెట్ ఎత్తి బెల్టు లాగి చూశాడు. బెల్టు జర్రున జారింది, ఫ్యాను కదలనే లేదు.

"నా చేతులిరగ! ఆముదమెందుకు పెడ్తి!" అని తనను తాను తిట్టుకుని తువ్వాలుతో తుడిచాడు. తుడిచినకొద్దీ ఊరింది.

ఈసారి బయలుదేరేటప్పటికి వెనక ఏజెంట్ల స్కూటర్లు మూడు, ఒక జీపు. బొంబాయి సేటు ఎవరో సినిమాహాలుకు జాగా చూస్తున్నాడని వాళ్లలో వాళ్లే తేల్చేసుకున్నారు. వాళ్లను చూసి దారినపోయేవాళ్లు కూడా సైకిళ్లు తిప్పారు.

గుడి ఇంకో అరమైలు ఉందనగా ఇంజను దగ్గింది. అంతయ్య ఉన్న ఊపుతోనే కారును ఓ గేటులోకి తిప్పేశాడు. అది మట్టయ్య అనే రైతుది. కంది చేను ప్లాట్లు చేసి రెండు నెలలుగా ఎదురుచూస్తున్నాడు. పావుగంటలో అతని చేను జాతరైంది. మట్టయ్య జనాన్నీ, కారునూ మార్చి మార్చి చూసి, భాగ్యమ్మతో ఏదో మాట్లాడాడు.

ఆమె పరుగున వచ్చింది. "ఏమయ్యా! మట్టయ్యన్న మూల ప్లాటు ఇస్తడంట. కారు ఇస్తె సాలంట!"

అంతయ్య మళ్లీ లెక్క వేశాడు. కారు మంచిదంటే మట్టయ్య తీసుకుంటాడు. చెడ్డదంటే పాతసామాన్లవాడు తీసుకుంటాడు. కానీ ఆ రెండోవాడు వచ్చేలోపు భార్యను బతిమాలుకోవచ్చు. తెగించాడు.

"అన్నా, గీ కారు ఒద్దే! బెల్టులకు ఆముదం పెట్టిన, ఇంజను ఉడుకుతున్నది. భాగ్యా, నేను ఆపలే, అదే ఆగింది. నీకు అబద్ధం చెప్పిన."

"నాకు తెల్వదా? ఆవిరి నా మొకానికే కొట్టె. ప్లాట్లు సూపిస్తున్నవు గదా అని ఊకున్న," అంది భాగ్యమ్మ.

అంతయ్య ఆశగా మట్టయ్య వైపు చూశాడు. మట్టయ్య కడుపు పట్టుకుని నవ్వాడు.

"నడిచే కారు నాకెందుకే? రెండు నెలల సంది నా చేన్ల పిట్ట వాలలే. గిది జర సేపు నిలబడంగనే ఎంతమంది ఒచ్చిన్రో సూడు! గేటు కాడ పెడ్త. కదలకుంటెనే మంచిది."

గుడికి నడిచి వెళ్లి కొబ్బరికాయ కొట్టారు. సోమవారం కాగితాలు రాసుకున్నారు. ఆ తర్వాత ఆ కారు దారిలో ఒక్కసారి కూడా ఆగలేదు.