లీడర్ వాడకం, సంరక్షణ

"ఈ క్షణం నుంచి ఈ ఊళ్ళో మురుగు అన్న మాట నిఘంటువులో తప్ప మరెక్కడా కనిపించదు. నిఘంటువులో కూడా కనిపించకూడదంటే చెప్పండి, దానికీ ఒక కమిటీ వేస్తాను!" అని పురపాలక మంత్రిగారు ప్రకటించగానే షెడ్డు రేకులు అదిరేలా చప్పట్లు మోగాయి.

ఆయన వెనక రిబ్బను కట్టుకుని కొత్త యంత్రం నిలబడి ఉంది. ఒక బీరువాను పడుకోబెట్టి, కింద రబ్బరు పట్టాలు తొడిగి, ముందు రెండు ఇనుప చేతులు, వాటి చివర ఒక బకెట్టు, వెనక మనిషి నిలబడడానికి ఒక పలక అమరిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. దాని పేరు కాంపాక్ట్ యుటిలిటీ లోడర్. పెద్ద యంత్రాలు పట్టని సందుల్లో దూరి, కాలువల్లో పూడిక ఎత్తిపోయడం దాని పని. మంత్రిగారు దాని పక్కన నిలబడి ఫోటో దిగారు, పలక మీద నిలబడి దిగారు, బకెట్టులో ఒక కాలు పెట్టి దూరంగా చూస్తూ దిగారు. ప్రజాసేవలో ఆయన పెట్టని భంగిమ లేదు.

చివరి వరసలో కూర్చుని అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టినావిడ ఆ శాఖలో అనువాదకురాలు. ఆఫీసులో అందరూ తెలుగు మేడమ్ అంటారు. ఆవిడ చప్పట్లలో కాస్త స్వార్థం ఉంది. ఆవిడ ఇల్లు పల్లపు వీధిలో ఉంది. ఆ వీధి కాలువ ఎప్పుడో పూడిపోయింది. ఓ మోస్తరు వాన పడితే చాలు, నీళ్ళు తలుపు తట్టకుండా లోపలికి వచ్చి, వంటింటి గట్టు దాకా చూసుకుని, వెళ్ళేటప్పుడు చెప్పులు తీసుకుని వెళ్తాయి. ప్రతి వానకీ అత్తగారి మంచం కోళ్ళ కింద ఒక వరస ఇటుకలు చేరుతున్నాయి. "ఇంకో వరస పెట్టావంటే నేను ఫ్యానుతో పాటు తిరుగుతానమ్మాయ్" అంది అత్తగారు, చివరిసారి.

కాబట్టి రాబోయే వానలకు ముందే ఆ యంత్రం ఆ వీధిలోకి రావాలి. తెలుగు మేడమ్ కోరికల్లా అదొక్కటే.

యంత్రానికి ఆపరేటరుగా వేసినాయన పద్ధతి గల మనిషి. తాళంచెవి చేతిలో పెట్టగానే "పుస్తకం ఏదండీ?" అన్నాడు.

"ఏ పుస్తకం?"

"దీన్ని ఎలా నడపాలో, ఎలా చూసుకోవాలో చెప్పే పుస్తకం. ఇంగ్లీషుది ఇచ్చారు, నాకు రాదు. నేను పుస్తకం చదవకుండా ముట్టుకుంటే అది నన్ను చదివేస్తుంది."

ఆ పుస్తకాన్ని తెలుగు చేసే పని తెలుగు మేడమ్‌కు వచ్చింది. ఏ అనువాదమూ ఆవిడ ఇంత ఇష్టంగా చేయలేదు. పొయ్యి మీద పాలు పొంగుతున్నా లేవకుండా, ఆపరేటరుకు తెలియని మాట ఒక్కటీ పడకుండా రాసి, రెండుసార్లు దిద్ది, పబ్లిసిటీ ఆఫీసరుకు ఇచ్చింది.

ఆయన వారం తిరక్కుండా పిలిపించాడు.

"ఏం మేడమ్, మంత్రిగారి పరువు తీద్దామనుకున్నారా?"

"ఏమైందండీ?"

"పుస్తకం నిండా స్పెల్లింగ్ మిస్టేకులే. లీడర్ అని ఉండాల్సిన చోటల్లా లోడర్ అని కొట్టారు. నా కంట పడింది కాబట్టి సరిపోయింది. అన్నీ నేనే స్వయంగా దిద్ది ప్రింటుకి పంపేశాను."

"అయ్యో, అది లోడరేనండీ. యంత్రం."

"చూడండి మేడమ్. మన శాఖ ఒక పుస్తకం వేసిందంటే అది యంత్రం మీద ఉంటుందా, మంత్రిగారి మీద ఉంటుందా? మీరే చెప్పండి."

ఆ శాఖ ఇంతవరకు వేసిన పుస్తకాలన్నీ ఆవిడ చేతి మీదుగా వెళ్ళినవే. ఒక్కటీ యంత్రం మీద లేదు.

'లీడర్: సురక్షిత వాడకం, సంరక్షణ' అన్న పుస్తకం మెరిసే అట్టతో, అట్ట మీద మంత్రిగారి నవ్వుతో విడుదలైంది. మంత్రిగారికి చదివే తీరిక లేదు. రోజూ పొద్దున్నే ఒక పేజీ చదివి వినిపించమని తెలుగు మేడమ్‌ను రమ్మన్నారు.

"'లీడర్ చిన్న పరిమాణంలో ఉన్నా అపారమైన శక్తి గలది'" అని మొదలుపెట్టింది ఆవిడ.

మంత్రిగారు పొట్టివారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "గలది ఏమిటమ్మా? గలవారు అనాలి."

"సవరిస్తానండి. 'ఇరుకు చోట్ల కూడా సులువుగా తిరగగలవారు. తక్కువ ఇంధనంతో ఎక్కువసేపు పనిచేయగలవారు.'"

"నా గురించి ఇంత దగ్గరగా చూసి రాసిన మనిషి ఇంతకాలం ఎక్కడున్నాడయ్యా?" అని ఆయన పి.ఏ. వంక తిరిగారు.

"సార్, ఇందులో ఒక్క అక్షరం..." అని తెలుగు మేడమ్ గొంతు సవరించుకుంది.

"ఒక్క అక్షరం కూడా తీయడానికి వీల్లేదు!" అన్నారు మంత్రిగారు. "రేపటి నుంచి అంతా పుస్తకంలో ఉన్నట్టే జరగాలి."

జరిగింది. అటువంటి క్రమశిక్షణ ఆ శాఖ ఎన్నడూ ఎరగదు. 'పని మొదలుపెట్టేముందు లీడర్ చుట్టూ తిరిగి, ఎక్కడైనా లీకులు ఉన్నాయేమో చూడాలి' అని ఉంది కనుక, పొద్దున్నే అధికారులంతా హోదాల వారీగా మంత్రిగారి చుట్టూ తిరిగేవారు. 'లీకును చేత్తో తడమరాదు, అట్టముక్క అడ్డం పెట్టి కనిపెట్టాలి' అని ఉంది కనుక, విలేకరులు వచ్చినప్పుడల్లా పి.ఏ. ఒక అట్టముక్క తెచ్చి మంత్రిగారి నోటికి అడ్డంగా పట్టుకునేవాడు. శాఖ రహస్యాలు బయటికి పొక్కడం నిజంగానే తగ్గింది. పుస్తకం ప్రతిష్ఠ పెరిగింది.

'లీడర్ చేతులు పైకెత్తి ఉండగా కింద ఎవరూ నిలబడరాదు. ప్రాణాపాయం.' బహిరంగ సభలో ఆయన జనానికి అభివాదం చేయడానికి చేతులెత్తగానే పోలీసులు ముందు వరసలన్నీ ఖాళీ చేయించారు. ఆయన ఇంకా ఉత్సాహంగా ఎత్తారు. మైదానమే ఖాళీ అయింది. మర్నాడు పత్రికలు 'మంత్రి చెయ్యెత్తితే చాలు, కదిలిన జనం' అని రాశాయి.

'ఏటవాలులో బరువున్న భాగం ఎప్పుడూ ఎగువవైపే ఉండాలి' అన్న వాక్యం దగ్గర కాస్త చర్చ జరిగింది. బరువున్న భాగం ఏదన్నది మంత్రిగారి ముందు ఎవరూ పైకి అనలేకపోయారు. ఆయనే పెద్ద మనసుతో పొట్ట మీద చెయ్యేసుకుని చూపించారు. అప్పట్నుంచి మెట్లు మామూలుగానే ఎక్కేవారు, దిగేటప్పుడు మాత్రం పొట్ట ఎగువవైపు ఉండేలా వెనక్కి నడుస్తూ దిగేవారు. ఆయన దిగుతున్నారో ఎక్కుతున్నారో తెలియక సెక్యూరిటీ వాళ్ళు రెండువైపులా సెల్యూట్ కొట్టేవారు. 'లీడర్ మీద ఇతరులను ఎక్కించుకోరాదు' అని తెలిశాక, మంత్రి పదవి వచ్చినప్పటి నుంచి ఆయన కారు దిగని బామ్మర్ది కారు దిగాడు. 'మూసిన గదిలో లీడర్‌ను ఆన్ చేయరాదు, లోపలున్నవారికి ఊపిరాడదు' అన్న నియమాన్ని మంత్రివర్గ సహచరులందరూ లేచి నిలబడి బలపరిచారట.

మంత్రిగారి భార్య ఒక రోజు ఫోను చేసింది.

"ఏమ్మా, ఆ పుస్తకం రాసింది నువ్వేనా?"

"తెలుగు చేశానండి."

"ఆయన రోజూ కీళ్ళన్నిటికీ గ్రీజు పెట్టించుకుని పడుకుంటున్నారు. దిండు గలీబులు నల్లబడిపోతున్నాయి. గ్రీజు మరక ఎలా పోతుందో కూడా ఓ ముక్క రాయాల్సింది కదమ్మా!"

"కాస్త కిరసనాయిలు రుద్ది, సబ్బునీళ్ళలో నానబెట్టండి."

"ఏ పేజీలో ఉందది?"

"పుస్తకంలో లేదండి. నాకు తెలుసు."

"అయితే లాభం లేదమ్మా" అని ఆవిడ నిట్టూర్చింది. "పుస్తకంలో లేనిది ఈ ఇంట్లో జరగదు ఇప్పుడు."

యార్డులో లోడర్ మాత్రం రిబ్బను కూడా విప్పకుండా నిలబడే ఉంది. పక్కన ఆపరేటరు కుర్చీ వేసుకుని పుస్తకం చదువుకుంటున్నాడు. తెలుగు మేడమ్ వెళ్ళేసరికి లేచి నిలబడ్డాడు.

"కళ్ళకు కట్టినట్టు రాశారు మేడమ్. మంత్రిగారిని నాకు అప్పజెబితే కళ్ళు మూసుకుని నడిపేస్తాను. మరి నా బండి పుస్తకం ఎప్పుడొస్తుంది?"

"ఇదేనయ్యా అది. లీ ఉన్నచోట లో అనుకుని చదువుకో."

"ఇప్పుడు అనుకోమంటారు. రేపు నా వేలు తెగితే, ఉందనుకోమంటారు. అచ్చు వేసి ఇవ్వండి మేడమ్, ఈ నిమిషమే తాళం తిప్పుతాను."

పబ్లిసిటీ ఆఫీసరు తప్పొప్పుల పట్టిక వేయడానికి ఒప్పుకోలేదు. "లీడర్ అని ఉన్నచోట లోడర్ అని చదువుకోవాలా? ఎన్నికలు దగ్గర పడుతుంటే ఇటువంటి మాటలు అచ్చు వేస్తామా?" అని చెవులు మూసుకున్నాడు.

మబ్బు పట్టింది. ఇంట్లో అత్తగారు కిటికీలోంచి ఆకాశం చూసి కళ్ళజోడు జాకెట్టులో దోపుకుంది. తెలుగు మేడమ్ ఆ పొద్దున మంత్రిగారి దగ్గరకు వెళ్ళి, చదవాల్సిన పేజీ చదవలేదు. ఏకంగా చివరి అధ్యాయం తెరిచింది. గ్రీజులూ లీకులూ అన్నీ బాగానే ఉన్నాయి కానీ, అసలు పని ఆ అధ్యాయంలోనే ఉంది.

"'లీడర్‌ను ప్రధానంగా వాడేది మురుగు కాలువల పూడిక తీయడానికి'" అని చదివింది.



"నన్నా?" అన్నారు మంత్రిగారు.

"'ఎక్కువ రోజులు వాడకుండా ఉంచితే లీడర్ తుప్పు పట్టవచ్చు'" అని ఆవిడ తల ఎత్తకుండా చదివింది.

మంత్రిగారు తన మోచేతి వంక అనుమానంగా చూసుకున్నారు. "ఏ వీధిలో మొదలుపెట్టమని ఉందమ్మా?"

"పల్లప్రాంతంలో అని ఉందండి" అంది తెలుగు మేడమ్. అబద్ధం కాదు, అలాగే ఉంది. వీధి పేరు మాత్రం ఆవిడే చెప్పింది.

వాళ్ళు వచ్చేసరికి వాన దంచి కొడుతోంది. పల్లపు వీధిలో నీళ్ళు గడపలు దాటాయి. గొడుగుల కింద అధికారులు, అట్టముక్కతో పి.ఏ., కెమెరాలతో విలేకరులు. 'లీడర్‌ను శిక్షణ పొందిన ఆపరేటరే నడపాలి' కనుక ఆపరేటరును పిలిపించారు. చేతిలో అచ్చయిన పుస్తకం ఉంది కనుక ఆయనా అభ్యంతరం చెప్పలేదు. మంత్రిగారి చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. మోకాళ్ళు వంచి చూశాడు. రెండు చేతులకూ కొత్త బకెట్టు తగిలించి, ఊడుతుందేమోనని లాగి చూశాడు. తర్వాత వెనక నిలబడి రెండు భుజాల మీదా చేతులు వేశాడు.

"ఏయ్, ఎవరి మీద చెయ్యేస్తున్నావో తెలుసా?" అన్నాడు పి.ఏ.

"అవి కంట్రోళ్ళు సార్. బొమ్మ కూడా వేశారు, చూడండి. స్టార్ట్ చేయమనండి."

"ప్రియమైన సోదర సోదరీమణులారా!" అని మంత్రిగారు మొదలుపెట్టారు. "మా ప్రభుత్వం వచ్చాక..."

ఆపరేటరు చెవి ఒగ్గి విన్నాడు. "శబ్దం మామూలుగానే ఉంది. పదండి."

ఎంతైనా నాయకుడు నాయకుడే. మోకాలి లోతు మురుగులో ఆయన ఉపన్యాసం ఆపకుండా దిగారు. ఎడమ భుజం నొక్కితే ఎడమకు, కుడి భుజం నొక్కితే కుడికి తిరిగారు. బకెట్టు వంచి ముందుకు తోశారు. ఠంగుమంది.

"ఆగండి. గట్టిది తగిలితే దూకుడుగా పోకూడదు. కిందికంటా పెట్టి మెల్లగా లేపండి. నేలకు దగ్గరగానే ఉంచండి, పైకెత్తితే తిరగబడతారు!"

మంత్రిగారి మెడ నరాలు తేలాయి. పెద్ద నల్లటి పలకరాయి ఒకటి బురదలోంచి పెగిలి లేచింది. దాని వెనకే కాలువ ఒక్కసారి గుటకవేసినట్టు గళగళమంది. వీధిలో నీళ్ళు సుళ్ళు తిరుగుతూ అటు పరిగెత్తాయి. గడపలు బయటపడ్డాయి, మెట్లు బయటపడ్డాయి, ఎవరెవరి చెప్పులో బయటపడ్డాయి.

"అమ్మాయ్! గచ్చు కనబడుతోందే! నిజం గచ్చే!" అని లోపల్నుంచి అత్తగారి కేక.

తెలుగు మేడమ్‌కు కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఆ క్షణాన ఆవిడకు కూడా, పుస్తకంలో ఒక్క అక్షరం కూడా తప్పులేదేమో అనిపించింది.

ఆపరేటరు రాయి మీద నీళ్ళు గుమ్మరించాడు. బురద జారిపోయి చెక్కిన అక్షరాలు తేలాయి. పి.ఏ. ఉత్సాహంగా పైకి చదివాడు. "'పల్లపు వీధి కాలువ పూడికతీత పనుల ప్రారంభోత్సవ శిలాఫలకం. ఆవిష్కరించినవారు...'" అక్కడ ఆగిపోయాడు. ఆ తర్వాత ఉన్న పేరు, బిరుదులతో సహా, అందరికీ తెలిసినదే.

పబ్లిసిటీ ఆఫీసరు గొడుగు కాస్త కిందికి దించుకున్నాడు.

మంత్రిగారు తన పేరును రెండుసార్లు చదువుకున్నారు. ముఖం ఎర్రబడింది. "ఎవరు?" అన్నారు. "నా శిలాఫలకాన్ని పెకలించిన దుర్మార్గుడు ఎవరు?"

బకెట్టు ఇంకా ఆయన చేతుల్లోనే ఉంది.

"ఎక్కడున్నది అక్కడే పెట్టండి! ఇప్పుడే! నా కళ్ళముందు!"

"సార్, పోనీ ఒక్క జానెడు పక్కకు..." అని తెలుగు మేడమ్ నీళ్ళలోకి దిగబోయింది.

"మేడమ్, లీడర్ పని చేస్తుండగా దగ్గరికి రాకూడదు" అని ఆపరేటరు చెయ్యి అడ్డం పెట్టాడు. "మీరే రాశారు."

బరువును మెల్లగా, కుదుపు లేకుండా దించారు. రాయి తన పాత చోట్లో అచ్చుగుద్దినట్టు కూర్చుంది. అధికారులు చప్పట్లు కొట్టారు. కాలువ గళగళ ఆగిపోయింది. వెళ్ళిన నీళ్ళు ఒక నిమిషం ఆలోచించి, వెనక్కి తిరిగాయి.

"ఆ చప్పట్లేమిటే అమ్మాయ్?" అని అత్తగారు లోపల్నుంచి అడిగింది.

"ప్రారంభోత్సవమట అత్తయ్యా" అంది తెలుగు మేడమ్. "కాళ్ళు పైన పెట్టుకోండి."