కమిటీ వచ్చిన బుధవారం

బుధవారం పొద్దున బాలచంద్ర రెండు పనులు పెట్టుకున్నాడు. ఒకటి, కాలేజీ బాత్రూములో కారుతున్న కొళాయిని బాగుచేయించడం. రెండు, ఆ రోజు వస్తామని ఫోను చేసిన యూనివర్సిటీ కమిటీ వాళ్ళకు కాలేజీని బాగా చూపించడం.

పాకాల శివార్లలోని ఆ చిన్న డిగ్రీ కాలేజీలో అతను బాటనీ లెక్చరర్. ప్రిన్సిపాల్ మానేసి వెళ్ళిపోయాక, మిగిలిన నలుగురిలో పెద్దవాడని ఆ పదవి అతని నెత్తిన పడింది. చివరి ఏడాది పిల్లలు పంతొమ్మిది మందే మిగిలారు. కాలేజీకి గుర్తింపు పోతే వాళ్ళకు పరీక్షలుండవు. ఆ బెంగతో వారం నుంచి అతనికి అన్నం సయించడం లేదు. యజమాని గంగులప్పకు మాత్రం ఏ బెంగా లేదు. ఆయన పలమనేరులో పాల డిపో చూసుకుంటూ, యూనివర్సిటీ ఉత్తరాలన్నీ అక్కడికే తెప్పించుకునేవాడు. వాటిని విప్పేవాడో లేదో ఎవరికీ తెలియదు.

తొమ్మిదింటికి గంగులప్ప ఫోను చేశాడు. "పదింటికి పెద్దమనుషులొస్తా ఉండారు బాలచంద్రా. ఏమడిగినా కాదనొద్దు. అంతా సూపించు."

కమిటీ సంగతి ఆయనకూ గుర్తుందని బాలచంద్ర సంతోషించాడు. క్లర్కు లోకేశ్వరిని పిలిచి, "పైపులోళ్ళొస్తే ఎనకమాలగా పంపించమ్మా. కమిటీ కంట పడకూడదు" అని చెప్పాడు.

సరిగ్గా పదింటికి కారు ఆగింది. పట్టుపంచెతో మునిరామయ్య అనే పెద్దాయన, ఆయన భార్య సుబ్బులమ్మ దిగారు. ఇద్దరూ ప్రొఫెసర్లేననుకుని బాలచంద్ర శాలువాలు కప్పి సెమినార్ హాలు చూపించాడు.

"ఎంతమంది పడతారప్పా?" అని అడిగాడు మునిరామయ్య.

"మూడొందల మంది సార్."

"సాలదే. ఈ గోడ తీసేస్తే?"

గోడ అవతల లైబ్రరీ ఉంది. కాదనొద్దన్నారు కదా! "తీసేస్తాం సార్" అన్నాడు బాలచంద్ర.

సుబ్బులమ్మ కెమిస్ట్రీ ల్యాబులోకి తొంగి చూసింది. "గ్యాసుండాదా?"

"ఉండాది మేడం. నాలుగు బర్నర్లు."

"వెయ్యి మందికి సాంబారు ఈటి మీద కాగుతుందా?"

డిగ్రీ పిల్లలకు కూడా మధ్యాహ్న భోజనం పెట్టాలని కొత్త నిబంధన వచ్చిందేమో అనుకున్నాడు బాలచంద్ర. అయినా వెయ్యి మంది ఎవరో అర్థం కాలేదు.

అదే సమయానికి గేటు దగ్గర ఆటో ఆగింది. చేతిసంచితో వరదయ్య అనే నెరిసిన జుట్టు మనిషి దిగాడు.

"పనికొచ్చినారా?" అంది లోకేశ్వరి.

"పనిమీదే వచ్చినానమ్మా."

"అట్లయితే ఎనకమాలగా పోండి. కుడిపక్క తలుపు."

కొంతసేపటికి వరదయ్య బాత్రూము కొళాయి నీళ్ళకు మోకాళ్ళదాకా తడిసిపోయి, బాలచంద్ర ఆ దంపతులను కూర్చోబెట్టిన ప్రిన్సిపాల్ గదిలోకి వచ్చాడు. కమిటీ ముందు పైపులోడు ప్రత్యక్షమయ్యేసరికి బాలచంద్ర అతన్ని పక్కకు లాగాడు.

"నిలిచిపోయిందా?" అని గుసగుసగా అడిగాడు.

"నిరుడే నిలిచిపోయింది గదండీ."

"నిరుడేంది? పొద్దున కూడా కారతా ఉన్నింది!"

"నేను సెప్పేది కాలేజీ గుర్తింపు సంగతి. నేను యూనివర్సిటీ నుంచి వచ్చినాను. మూడు ఉత్తరాలు రాసినాము, ఒక్కదానికీ జవాబు లేదు."

బాలచంద్ర తలతిప్పి శాలువాలు కప్పుకున్న దంపతులను చూశాడు. "మరి మీరెవరు?"

"మా బిడ్డ పెండ్లికి మండపం సూసేదానికొచ్చినాము" అన్నాడు మునిరామయ్య. "ఈ బిల్డింగును కల్యాణ మండపం చేస్తా ఉండానని గంగులప్పే సెప్పినాడే!"

బాలచంద్ర కుర్చీలో కూలబడ్డాడు. "మా పిల్లకాయల గతేంది సార్?"

వరదయ్య తడిసిన సంచిలోంచి కాగితాలు తీశాడు. "వాళ్ళకోసరమే వచ్చినాను. రికార్డులియ్యండి. చిత్తూరు గవర్నమెంటు కాలేజీలో పరీక్షలు రాస్తారు."

కాలేజీ పోయిన పూటే బాలచంద్ర వారం రోజుల తర్వాత కడుపునిండా తిన్నాడు. పరీక్షలయ్యేదాకా పిల్లలతో పాటే బస్సెక్కి చిత్తూరు వెళ్ళి, ఎవరూ అడగకపోయినా పాఠాలు చెప్పాడు. పంతొమ్మిది మందీ పాసయ్యారు.

ఫలితాలొచ్చిన మర్నాడు మండపం గేటుకు "మా కాలేజీ నూటికి నూరు శాతం" అని గంగులప్ప ఫ్లెక్సీ కట్టించాడు. అందులో ఉన్న ఒకే ఒక్క ఫొటో ఆయనదే.